తెగిన చేయి, 29 డిగ్రీల నీరు: తిరుపతిలో ఒక ఆక్సలాటల్ కేసు

ఏప్రిల్ రెండో వారంలో ఒక మధ్యాహ్నం తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి తన తండ్రితో కలిసి ఐస్‌క్రీమ్ డబ్బా పట్టుకుని నా క్లినిక్‌కు వచ్చింది. బయట ఎండ నలభై డిగ్రీలు దాటి ఉంది. బైరాగిపట్టెడ నుంచి ఆటోలో వచ్చారు. దారి పొడవునా ఆ అమ్మాయి డబ్బాను చున్నీతో కప్పి ఒళ్లో పెట్టుకుందట. మూత తీస్తే నాలుగు వేళ్ల లోతు నీటిలో అర జానెడు తెల్లని జీవి కనిపించింది. తలకు రెండు వైపులా ఎర్రని ఈకల్లాంటి మొప్పలు. కుడి ముంజేయి మోచేతికి కొంచెం కిందనే తెగిపోయింది. తెగిన చోట దూదిపింజలాంటి తెల్లని బూజు పట్టి ఉంది.

“ముత్యం చేతిని మిరియం కొరికేసింది డాక్టర్ గారూ. దీనికి చేయి మళ్లీ మొలుస్తుందని ఫోనులో చూశాను. మొలుస్తుంది కదా?”

“మొలుస్తుందమ్మా. కానీ ముందు ఇది బతకాలి” అన్నాను.

ముత్యం తెల్లది, మిరియం నల్లది. రెండూ ఆక్సలాటల్‌లే, అంటే నీటిలోనే బతికే ఒక రకం సాలమాండర్లు (కప్పకు బంధువులైన, తోక ఉన్న ఉభయచరాలు). అంతకుముందు నా దగ్గరకు ఈ జీవులు మూడు వచ్చాయి. మూడూ చనిపోయాయి, వాటిలో రెండు కేవలం వేడికే. అందుకే ఈ నాలుగో కేసును మొదటి రోజు నుంచి పుస్తకంలో వివరంగా రాసుకుంటూ వచ్చాను. ఆక్సలాటల్ కాలు పోతే కాలు, తోక పోతే తోక తిరిగి పెంచుకుంటుంది. దెబ్బతిన్న వెన్నుపామును, గుండె కండరంలో కొంత భాగాన్ని, మెదడులో కొంత భాగాన్ని కూడా బాగుచేసుకుంటుంది. ఇది విన్నవాళ్లు దీన్ని మొండి ప్రాణం అనుకుంటారు. చేయి తెగినా బతికే ఈ జీవి నీరు బాగా వేడెక్కితే ఎంతోకాలం బతకదు. మన ఊళ్లో దీన్ని పెంచేవాళ్లకు మొదట తెలియాల్సింది ఇదే.

వచ్చినప్పటి స్థితి

డబ్బాలో నీటి ఉష్ణోగ్రత 29 డిగ్రీలు. ఇంట్లో తొట్టి నీరు కూడా పగలు అంతే ఉంటోందని తండ్రి చెప్పారు. ఈ జీవికి హాయిగా ఉండే వేడి 16 నుంచి 18 డిగ్రీలు. 20 వరకు పరవాలేదు. 24 దాటితే బాధ మొదలవుతుంది.

పొడవు పదకొండున్నర సెంటీమీటర్లు, బరువు 11 గ్రాములు. వయసు నాలుగైదు నెలలు ఉంటుంది. మొప్పలు ముందుకు వంగి ఉన్నాయి, వాటి మీది సన్నని పోగులు పొట్టిగా అరిగిపోయినట్టున్నాయి. తోక కొన కొక్కెంలా మెలిక తిరిగింది. ఈ రెండూ జీవి ఇబ్బందిలో ఉందనడానికి గుర్తులు. చర్మం మీది జిగురు పొర అక్కడక్కడా పొట్టులా లేస్తోంది. పొట్ట కింద, తొడల దగ్గర ఎర్రటి మచ్చలు లేవు. ఉంటే బాక్టీరియా రక్తంలోకి పాకిందని అనుమానించేవాణ్ణి.

తెగిన చోట ఒక మిల్లీమీటరు మేర ఎముక బయటికి పొడుచుకుని ఉంది. తడిపిన దూదిపుల్లతో తెగిన చేతి మోడును తాకగానే ముత్యం చేతిని చటుక్కున వెనక్కి లాక్కుంది. నాకు ఆ క్షణంలో కొంత ఊరట కలిగింది. ఈ జాతి జీవుల్లో నరం అందని మోడు నుంచి అవయవం మొలవదు. ట్వీడీ టాడ్ అనే ఆంగ్లేయుడు 1823లోనే సాలమాండర్ కాలికి వెళ్లే నరాన్ని కోసి ఈ సంగతి గమనించాడు. స్పర్శ ఉందంటే నరం పనిచేస్తోందన్న మాట.

బూజును కొద్దిగా గీకి గాజు పలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూశాను. అడ్డుగోడలు లేని పొడవాటి గాజు దారాలు, కొన్నింటి కొనల్లో గదలాంటి సంచులు. ఒక సంచి నా కళ్ల ముందే పగిలి చిన్న చిన్న చుక్కలు ఈదుకుంటూ బయటికి వచ్చాయి. ఆ అమ్మాయిని పిలిచి చూపించాను. ఇది సాప్రోలెగ్నియా, నీటిలో పెరిగే బూజు. ఆరోగ్యంగా ఉన్న చర్మం మీద ఇది నిలవదు. చచ్చిన కణజాలం దొరికిన చోట పాతుకుపోతుంది.

తర్వాత జీవిని పారదర్శకమైన డబ్బాలోకి మార్చి కింద నుంచి టార్చి వేశాను. ముత్యం లాంటి లేత రంగు పిల్లల్లో ఇలా చూస్తే పేగుల నీడ స్పష్టంగా తెలుస్తుంది. కంది గింజంత రాయి ఒకటి పేగులో ఉంది. ఆక్సలాటల్ ఆహారాన్ని కొరికి నమలదు. నోరు ఒక్కసారిగా తెరిచి ముందున్న నీటితో సహా లోపలికి పీల్చుకుంటుంది. కింద గులకరాళ్లు పరిచి ఉంటే అవీ పోతాయి. వీళ్ల తొట్టిలో రంగురాళ్లు పరిచారు.

అసలు ఏం జరిగింది

రెండు పిల్లలను మూడు నెలల క్రితం కొన్నారు. రెండడుగుల తొట్టి. రోజు విడిచి రోజు తేలే గుళికలు వేసేవారు. ఆ వయసు పిల్లలకు ప్రతిరోజూ తిండి కావాలి, పైగా అవి అడుగున తిరిగే జీవులు. ఆకలితో ఉన్న ఆక్సలాటల్ పిల్ల తన ముందు కదిలే దేన్నైనా పట్టుకుంటుంది, అది తోబుట్టువు చేయి అయినా సరే. ఇందులో మిరియం తప్పేమీ లేదు. ఆ అమ్మాయి దాని మీద కోపంతో రెండు రోజులుగా దానికి తిండి వేయలేదని తెలిసి, ముందు వెళ్లి దానికి తిండి పెట్టమని చెప్పాను.

నీటిని పరీక్షిస్తే అమ్మోనియా లీటరుకు ఒక మిల్లీగ్రాము వచ్చింది, పీహెచ్ 8. మూడు నెలలు నడిచిన తొట్టిలో అమ్మోనియా కనిపించకూడదు. అడగగా అడగగా బయటపడింది. మూడు వారాల క్రితం ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పెట్టి మురికి పోయేదాకా పిండి కడిగారు. అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే బాక్టీరియా కాపురం ఉండేది ఆ స్పాంజిలోనే. క్లోరిన్ నీటికి అవి చచ్చిపోయాయి. స్పాంజిని కడగాల్సి వస్తే తొట్టి నుంచి తీసిన నీటిలోనే పిండాలి.

ఇక్కడ వేడి రెండు వైపుల నుంచి దెబ్బ కొడుతుంది. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, వాటిలో విషం ఎక్కువ ఉండేది స్వేచ్ఛా అమ్మోనియాకు. పీహెచ్ 8 దగ్గర 18 డిగ్రీల నీటిలో దాని వాటా సుమారు 3.3 శాతం. అదే నీరు 29 డిగ్రీలకు చేరితే 7 శాతం. అంటే కొత్తగా చుక్క మురికి చేరకపోయినా విషం రెట్టింపవుతుంది. మరోవైపు, 18 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలిగితే, 29 దగ్గర 7.7 మాత్రమే. వేడికి శరీరం ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది, నీరు తక్కువ ఇస్తుంది. ముత్యం మాటిమాటికీ పైకి వచ్చి గాలి మింగుతోందని ఆ అమ్మాయి చెప్పింది. ఆక్సలాటల్‌కు మొప్పలతో పాటు ఊపిరితిత్తులూ ఉన్నాయి, అప్పుడప్పుడు ఒక గుక్క గాలి మింగడం మామూలే. నిమిషానికి రెండుమూడు సార్లు పైకి వస్తుంటే మాత్రం నీటిలో ఊపిరి అందడం లేదని అర్థం.

ఇంకో రెండు సంగతులు ఉన్నాయి. అమ్మిన దుకాణంలో ఇచ్చిన ఆకుపచ్చ చేపల మందును రెండు రోజులు పోశారు. అది పనిచేయకపోవడంతో నాయనమ్మ సలహా మీద నీటిలో చిటికెడు పసుపు కలిపారు. మొప్పల అంచులకు ఇంకా పసుపు రంగు ఉంది. గాయానికి పసుపు పెట్టడం మనకు తరతరాల అలవాటు, ఆ పెద్దావిడ ప్రేమతోనే చెప్పింది. కానీ ఉభయచరాల చర్మం మన చర్మంలాంటిది కాదు. అవి చర్మంతో కూడా ఊపిరి పీలుస్తాయి. నీటిలో కలిపింది ఏదైనా నేరుగా శరీరంలోకి వెళ్తుంది. పసుపైనా, చేపల మందైనా, కుళాయి నీటిలోని క్లోరిన్ అయినా అంతే.

ఎప్పటికీ పెద్దవ్వని జీవి

ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు ఇక్కడ జవాబు రాయడం అవసరం. “ఇది చేపా, బల్లా సార్?” అని అడిగారు. రెండూ కాదు. ఇది సాలమాండర్, కప్పకు బంధువు. మన ఆంధ్రలో సాలమాండర్లు లేవు. మన దేశంలో ఉన్నవి ఈశాన్యంలో, డార్జిలింగ్ వైపు కొండల్లోనే. కాబట్టి మనవాళ్లకు దీన్ని పోల్చుకోవడానికి ఇంటి చుట్టుపక్కల ఏదీ కనిపించదు.

తోకకప్ప సంగతి అందరికీ తెలుసు. మొప్పలతో నీటిలో పుట్టి, కాళ్లు వచ్చి, తోక పోయి, కప్పగా గట్టెక్కుతుంది. ఆ మార్పును నడిపేది థైరాయిడ్ హార్మోను. ఆక్సలాటల్‌కు థైరాయిడ్ గ్రంథి ఉంది, కానీ దాన్ని తట్టిలేపే, మెదడు కింది పిట్యూటరీ గ్రంథి హార్మోను చాలా తక్కువగా వస్తుంది. అందుకే అది మొప్పలతో, తోక మీది రెక్కతో, పిల్ల రూపంలోనే ఉండిపోతుంది. ఆ రూపంలోనే ఏడాదికల్లా గుడ్లు పెట్టే వయసుకు వస్తుంది, ఆ రూపంలోనే పది పదిహేనేళ్లు బతుకుతుంది.

1864లో ప్యారిస్‌లోని ఆగస్ట్ డ్యుమెరిల్ అనే జీవశాస్త్రవేత్తకు మెక్సికో నుంచి ఆరు ఆక్సలాటల్‌లు అందాయి. అవి పిల్లలను పెట్టాయి. మరుసటి ఏడు ఆ పిల్లల్లో కొన్ని మొప్పలు పోగొట్టుకుని నేల మీద నడిచే సాలమాండర్లుగా మారాయి. తాను పెద్ద జీవులనుకున్నవి పిల్ల రూపాలని ఆయనకు అప్పుడు అర్థమైంది. నేడు ప్రపంచంలో ప్రయోగశాలల్లోనూ ఇళ్లలోనూ ఉన్న ఆక్సలాటల్‌లలో చాలా వాటి వంశం ఆ ఆరింటి దగ్గరికే వెళ్తుంది.

ఈ చరిత్రకు నా మందుల పెట్టెతో సంబంధం ఉంది. థైరాయిడ్ హార్మోను తయారీకి అయోడిన్ కావాలి. బయటి నుంచి థైరాక్సిన్ అనే ఆ హార్మోను ఇస్తే ఆక్సలాటల్ శరీరం స్పందిస్తుంది, బలవంతంగా రూపం మారుతుంది. అలా మారినవి ఎక్కువ కాలం బతకవు. అందుకే నేను ఈ జీవి గాయాలకు అయోడిన్ మందు వాడను, స్నానానికి వంటింటి అయోడిన్ ఉప్పూ వాడను. ప్రయోగశాలలకు అమ్మే శుద్ధమైన సోడియం క్లోరైడ్ ఒక సీసా విడిగా పెట్టుకున్నాను.

ఏం చేశాను, ఏం చేయలేదు

మొదటి పని చల్లబరచడం, అది కూడా నెమ్మదిగా. 29 నుంచి ఒక్కసారిగా 18కి దించితే ఆ కుదుపుకే జీవి చనిపోవచ్చు. తెర్మోకోల్ పెట్టెలో ఐదు లీటర్ల తొట్టి పెట్టి, దాని చుట్టూ గడ్డకట్టించిన నీళ్ల సీసాలు పేర్చాను. గంటకు ఒక డిగ్రీ చొప్పున దించుతూ రాత్రి పది గంటలకు 20కి తెచ్చాను. ఆ రాత్రి క్లినిక్‌లోనే ఉండిపోయాను.

నీటికి సోడియం థయోసల్ఫేట్ వేసి క్లోరిన్ తీసేశాను. ఆర్‌ఓ నీరు తెమ్మంటారా అని తండ్రి అడిగారు. వద్దన్నాను. లవణాలు లేని నీటిలో ఈ జీవి తన శరీరంలోని లవణాలను నిలుపుకోవడానికి అదనంగా శ్రమపడాలి. మన బోరు నీటి కాఠిన్యం దీనికి ఇబ్బంది కాదు, మెత్తని నీటి కన్నా కాస్త కఠినమైన నీరే దీనికి పడుతుంది. తొట్టిలో ఫిల్టర్ పెట్టలేదు. రోజుకు ఒకసారి మొత్తం నీరు మార్చడమే. కొత్త నీరు పాత నీటి ఉష్ణోగ్రతలోనే ఉండాలని గట్టిగా చెప్పాను.

బూజును తడి దూదితో తీయగలిగినంత తీసి, లీటరుకు 10 గ్రాముల ఉప్పు నీటిలో పది నిమిషాల స్నానం, రోజుకు రెండుసార్లు, నాలుగు రోజులు. పది నిమిషాలకు గడియారం పెట్టుకుని మరీ తీశాను. ఎక్కువసేపు ఉంచితే మొప్పల పోగులు కాలిపోతాయి.

చేయనివి ఇంకా ముఖ్యం. పొడుచుకొచ్చిన ఎముకను కత్తిరించలేదు. ప్రయోగశాలల్లో మోడును సమంగా చెక్కుతారు, అప్పుడు పెరుగుదల తీరుగా ఉంటుంది. కానీ అలా చేయాలంటే మత్తు ఇవ్వాలి. వేడికి, అమ్మోనియాకు నలిగిపోయిన 11 గ్రాముల జీవికి ఆ రోజు మత్తు ఇవ్వడం నాకు సరైనదిగా అనిపించలేదు. ఎముకను కరిగించే కణాలు దాని శరీరంలోనే ఉన్నాయి, మోడు కొనను అవి కరిగిస్తాయని తెలుసు కాబట్టి వేచి చూశాను. యాంటిబయాటిక్ ఇవ్వలేదు. పొట్ట మీద ఎరుపు కనిపిస్తే అదే గంటలో మొదలుపెట్టాలని పుస్తకంలో రాసుకున్నాను.

వాపు తగ్గించే స్టెరాయిడ్ అసలే ఇవ్వలేదు. 2013లో వెలువడిన ఒక పరిశోధనలో ఆక్సలాటల్ శరీరం నుంచి మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలను తొలగించి చూశారు. చేయి మొలవలేదు, ఆ చోట మచ్చ కట్టింది. గాయం మీద చేరే ఆ కణాలను అణిచేయడమంటే మొలకను మనమే తుంచడం.

విటమిన్ చుక్కలు వేస్తే త్వరగా పెరుగుతుందా అని తండ్రి అడిగారు. ఏ మాత్రం వద్దని చెప్పి, కారణం కూడా చెప్పాను. 1982లో మాల్కం మాడెన్ ఆక్సలాటల్ పిల్లలకు విటమిన్ ఎ ఎక్కువగా అందించి చూశాడు. మణికట్టు దగ్గర తెగిన చోట నుంచి మళ్లీ భుజం దగ్గర నుంచి మొదలైనట్టు మొత్తం చేయి మొలిచింది. ఎంత పోయిందో అంతే పెంచుకోవాలన్న లెక్క ఆ మోడు కణాలకు ఉంటుంది. విటమిన్ ఎ ఆ లెక్కను తారుమారు చేస్తుంది.

మూడో రోజున తోక కొన మెలిక విడింది. ఐదో రోజున పేగులోని రాయి బయటికి వచ్చింది. ఆ అమ్మాయి దాన్ని చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి నాకు తెచ్చి చూపించింది.

తిండి దగ్గర మాత్రం కొన్ని రోజులు తిప్పలు పడ్డాం. వర్మీకంపోస్టు తొట్టెల్లోని ఎర్ర వానపాములను తెప్పిస్తే ముత్యం నోట్లోకి పీల్చుకుని, తల విదిలించి ఉమ్మేసింది. ఆ ఎర్ర వానపాములు చేదుగా ఉండే పసుపు ద్రవాన్ని వదులుతాయి. తోటల్లో తవ్వే మామూలు వానపాములైతే ఇష్టంగా తింటుంది. కానీ చిత్తూరు వైపు మామిడి తోటల్లో పూత కాలంలో మందులు కొడతారు, ఆ నేలలోని వానపాములను ఈ జీవికి పెట్టవద్దు. మందు కొట్టని పెరడు ఉన్న బంధువుల ఇంటి నుంచి తెచ్చి, రెండు రోజులు తడి కొబ్బరి పీచులో ఉంచి, ముక్కలు చేసి పెట్టారు. ఏడో రోజు సాయంత్రం మొదటి ముక్క మింగింది.

తొమ్మిదో రోజు

ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటల పాటు కరెంటు పోయింది. తండ్రి పనిలో ఉన్నారు, అమ్మాయి బడిలో ఉంది. ఇంట్లో నాయనమ్మ ఒక్కరే ఉన్నారు. సీసాల్లోని మంచు కరిగిపోయి నీరు 26కి చేరింది. ఆవిడ కంగారులో పక్కింటి నుంచి ఐసు గడ్డలు తెచ్చి నేరుగా తొట్టిలో వేశారు. పావుగంటలో నీరు 17కి దిగింది. ముత్యం పక్కకు ఒరిగి తేలింది.

నేను వెళ్లేసరికి ఆవిడ తొట్టి పక్కన నేల మీద కూర్చుని ఉన్నారు. “నా చేతులారా చంపేశానేమో నాయనా” అన్నారు. చంపలేదు. మిగిలిన ఐసు తీసేసి, నీటి మట్టం తగ్గించి, తలెత్తితే గాలి అందేలా చేసి, గది చీకటి చేశాను. ఆక్సలాటల్‌కు కనురెప్పలు లేవు, వెలుతురు దానికి అదనపు భారం. నాలుగు గంటల తర్వాత అది నేలకు దిగి కాళ్ల మీద నిలబడింది. మరునాడు కుడివైపు మొప్ప మీద మళ్లీ చిన్న బూజు పింజ కనిపించింది. మరో మూడు రోజులు ఉప్పు స్నానాలు చేయించాం.

అక్కడే కూర్చుని ఆవిడ అడిగిన ప్రశ్న నాకు బాగా గుర్తుంది. “బల్లికి తోక వచ్చినట్టే కదా ఇదీ?” కాదు. బల్లికి తిరిగి వచ్చే తోకలో వెన్నుపూసలు ఉండవు, మృదులాస్థి గొట్టం ఒకటి ఉంటుంది అంతే. బల్లికి కాలు పోతే రాదు. ఆక్సలాటల్‌కు ఎముక, కీలు, కండరం, నరం, రక్తనాళం, చర్మం, అన్నీ తమ తమ స్థానాల్లో తిరిగి వస్తాయి. మచ్చ కూడా ఉండదు. “అయితే దీనికి బ్రహ్మ రెండుసార్లు రాశాడన్న మాట” అన్నారు ఆవిడ.

ఈ సంఘటన తర్వాత చల్లబరిచే పద్ధతి మార్చాం. కుండలో నీరు చల్లబడినట్టు, నీటి మీద ఫ్యాన్ గాలి తగిలితే ఆవిరై నీరు చల్లబడుతుంది. చాలామంది దీన్నే నమ్ముకుంటారు. కానీ ఆవిరి వల్ల వచ్చే చల్లదనానికి ఒక హద్దు ఉంది, అది ఆనాటి గాలిలోని వేడి, తేమల మీద ఆధారపడుతుంది. తిరుపతి ఎండాకాలపు మధ్యాహ్నం ఎంత ఫ్యాన్ పెట్టినా నీరు 24 కన్నా దిగువకు రావడం కష్టం. అదే ఏసీ ఉన్న గదిలో, గది 23 డిగ్రీల్లో ఉంటే, ఫ్యాన్‌తో నీరు 19కి వస్తుంది. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం కొనడం ఆ ఇంటికి మించిన ఖర్చు. ఒక్క పడకగదికి ఏసీ ఉంది, తొట్టి అక్కడికి మారింది. ఫ్యాన్‌కు చిన్న బ్యాటరీ అమర్చారు, తెర్మోకోల్ పలకలు మూడు వైపులా కట్టారు. కరెంటు పోతే సీసాలను నీటిలో కాకుండా బయట తొట్టి గోడలకు ఆనించాలని నాయనమ్మకు చూపించాను. ఆ రోజు తర్వాత ఆవిడ ఒక్కసారి కూడా పొరపాటు చేయలేదు.

మొలక

వారానికి ఒకసారి ముత్యాన్ని పారదర్శకమైన డబ్బాలో పెట్టి భూతద్దంతో చూసేవాణ్ణి. అమ్మాయి పక్కనే నోటు పుస్తకంలో బొమ్మ వేసుకునేది.

మోడును చర్మం కప్పేయడం మొదట జరుగుతుంది. మామూలుగా ఒక రోజులోపే అవుతుంది కానీ బూజు వల్ల ముత్యానికి ఆరు రోజులు పట్టింది. ఎముక కొన పదకొండో రోజు నాటికి కనిపించలేదు. పద్దెనిమిదో రోజున మోడు చివర గుండ్రని, పాలనురుగు రంగు బొడిపె కనిపించింది. వెలుతురు ఎదుట పెడితే చుట్టూ ఉన్న కండ కన్నా అది తేటగా ఉంది, లోపల నెత్తుటి దారి ఇంకా ఏర్పడలేదు. దీన్ని బ్లాస్టీమా అంటారు. చర్మం కింది కణాలు, ఎముక చుట్టూ ఉన్న కణాలు తమ పాత పని మానుకుని, పిండంలోని కణాల్లా మారి, ఇక్కడ గుంపుగా చేరి విభజన చెందుతాయి. అయినా తాము ఎక్కడి నుంచి వచ్చాయో మరిచిపోవు. కండరం నుంచి వచ్చినవి కండరాన్నే కడతాయి.

ఇరవై ఎనిమిదో రోజుకు బొడిపె కోసుగా అయింది. ముప్పై ఐదో రోజుకు కొన చదునై గరిటె ఆకారానికి వచ్చింది. ఆ గరిటె అంచున వేళ్లు ఎలా వస్తాయో చూడాలని ఆ అమ్మాయి వారం మధ్యలో కూడా వచ్చింది. కప్పలోనూ మనలోనూ పిండ దశలో చిటికెన వేలి వైపు ముందు రూపు కడుతుంది. సాలమాండర్లలో తిరగబడి ఉంటుంది, బొటనవేలి వైపువే ముందు వస్తాయి. నలభై మూడో రోజున గరిటెకు ఒక నొక్కు పడింది, అటూ ఇటూ రెండు వేళ్లు. యాభై ఒకటో రోజున మూడో వేలు కనిపించింది.

నాలుగోది రాలేదు. ఆక్సలాటల్ ముందు కాళ్లకు నాలుగేసి వేళ్లు, వెనుక కాళ్లకు ఐదేసి. డెబ్బై నాలుగో రోజు వరకు చూశాను. నాలుగో వేలి చోట మూడో వేలి పక్కన చిన్న గట్టుంది, అంతే. కత్తితో సమంగా కోసిన చోట కన్నా కొరికి చీలిన చోట ఇలాంటి లోపాలు ఎక్కువగా వస్తాయి. దానికి తోడు తొలి వారంలో బూజు ఆ అంచునే తినేసింది. ఎముకను ఆ రోజే చెక్కి ఉంటే నాలుగు వేళ్లు వచ్చేవా అని నేను చాలాసార్లు ఆలోచించాను. అలా చేస్తే జీవి ఆ రాత్రి దాటేది కాదేమోనన్న భయం నాకు ఇప్పటికీ ఉంది. అదే పరిస్థితిలో మళ్లీ ఇదే నిర్ణయం తీసుకుంటాను.

లోపాన్ని సరిచేయడానికి మళ్లీ కోస్తే ఈసారి సరిగా వస్తుందా అని తండ్రి ఎంతో మర్యాదగా అడిగారు. నేను ఒప్పుకోలేదు. ఒకే చోట పదేపదే తెగితే ఆక్సలాటల్‌కు కూడా తిరిగి పెంచుకునే శక్తి తగ్గుతుందని ప్రయోగాల్లో తేలింది. పైగా అది మూడు వేళ్లతో హాయిగా నడుస్తోంది.

ముగింపు పరీక్ష, మరికొన్ని మాటలు

డెబ్బై నాలుగో రోజున పొడవు పదిహేనున్నర సెంటీమీటర్లు, బరువు 25 గ్రాములు. కుడి చేయి ఎడమ చేతి కన్నా కొంచెం సన్నగా ఉంది, రంగు కూడా లేతగా ఉంది. మోచేయి మడుస్తోంది, మణికట్టు తిరుగుతోంది. మొప్పల పోగులు గుబురుగా పెరిగాయి. చల్లని, శుభ్రమైన నీటిలో అవి ఎంత ఎర్రగా, ఎంత నిండుగా ఉంటాయో ఆ ఇంటివాళ్లు మొదటిసారి చూశారు. నీటిలో అమ్మోనియా సున్నా. మిరియానికి వేరే తొట్టి పెట్టారు, గులకరాళ్లు తీసేశారు.

ఆక్సలాటల్ సహజంగా బతికేది మెక్సికో నగరం అంచున ఉన్న సోచిమిల్కో కాలువల్లోనే. ఒకప్పుడు చాల్కో సరస్సులోనూ ఉండేది, ఆ సరస్సు ఎండగట్టేశారు. సముద్ర మట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉన్న చల్లని నీటి జీవి ఇది. తిరుపతి దాదాపు 160 మీటర్ల ఎత్తులో ఉంది. సోచిమిల్కోలో 1998 లెక్కలో చదరపు కిలోమీటరుకు 6,000 ఉన్నవి 2014 నాటికి 36కు పడిపోయాయి. మురుగు నీరు ఒక కారణం, తిండి కోసం తెచ్చి వదిలిన తిలాపియా, కార్ప్ చేపలు గుడ్లనూ పిల్లలనూ తినేయడం మరో కారణం. మన చెరువుల్లోనూ అవే తిలాపియాలు ఉన్నాయి. తొట్టెల్లో లక్షలు బతుకుతున్నా, పుట్టింట్లో అంతరించే అంచున ఉన్న ప్రాణి ఇది.

ఇది అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. 2022లో సవరించిన మన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి విదేశీ జీవులను పెంచేవాళ్లు ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవాలి. కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు అయిన పరివేష్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ఈ కుటుంబానికి అమ్మినవాళ్లు ఆ మాట చెప్పలేదు. నేను చెప్పాను, కాగితాలు నింపడంలో సాయం కూడా చేశాను.

నా దగ్గరకు ఆక్సలాటల్ కొనమంటారా అని వచ్చేవాళ్లను ఒకటే అడుగుతున్నాను: మే నెల మధ్యాహ్నం మీ ఇంట్లో నీటిని 20 డిగ్రీల దగ్గర ఉంచగలరా, కరెంటు పోయినప్పుడు కూడా? ఉంచలేమంటే కొనవద్దని నిర్మొహమాటంగా చెబుతున్నాను.

ముత్యం వచ్చే అక్టోబరులో మళ్లీ పరీక్షకు వస్తుంది. నాలుగో వేలి చోట ఉన్న ఆ చిన్న గట్టు అప్పటికి ఏమైనా కదిలిందేమో చూడాలి. అమ్మాయి నోటు పుస్తకంలో ఆ పేజీని ఖాళీగా వదిలింది.